జ్యూరీలో హంపన్న తరఫు మనుషులెందరు?

1893 అక్టోబరు 4. గుంతకల్లు.

ఇద్దరు ఆడవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తుతున్నారు. వెనక తెల్ల సోల్జర్లు తరుముతున్నారు. చుట్టుపక్కల అన్నీ రేగడి బయళ్లే, దాక్కుందామంటే చోటు తక్కువ. ఆ దారిలో దిక్కుగా కనిపించింది రైలు గేటు, దాని పక్కన గేట్‌మ్యాన్ గది.

గేటు కాపలాదారు పేరు గూళపాళ్యం హంపన్న. ధాత కరువు సీమను ఊడ్చిపెట్టి అప్పటికి పదిహేనేళ్లే. వానను నమ్ముకుని బతికే ఇళ్లలో, నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే రైల్వే కొలువు దొరకడమంటే మాటలు కాదు. దొరలకు ఎదురుతిరిగితే ఆ కొలువు ఊడినట్టే. హంపన్న ఆ లెక్కలు వేసుకోలేదు. ఆడవాళ్లను లోపలికి పంపాడు, తాను అడ్డం నిలబడ్డాడు. గేట్‌మ్యాన్ దగ్గర ఏముంటాయి? రెండు జెండాలు, ఒక లాంతరు. అవతలివాళ్ల దగ్గర తుపాకి ఉంది. అది పేలింది. హంపన్న ప్రాణం పోయింది.

మామూలుగా అయితే ఇలాంటి చావు ఏ పోలీసు కాగితంలోనో మూలన పడి ఉండేది. అలా కానివ్వలేదు గుంతకల్లుకు దగ్గర్లోని గుత్తి వకీలు పి. కేశవ పిళ్లె. 1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెస్ మహాసభకు వెళ్లొచ్చిన మనిషి. ‘ది హిందూ’కు గుత్తి నుంచి వార్తలు రాసేవాడు. ఆయన పట్టుపట్టడంతో హంపన్న సంగతి నలుగురి నోటా పడింది. ఆష్‌ఫర్డ్ అనే సోల్జరును మద్రాసు హైకోర్టులో బోనెక్కించారు.

హైకోర్టు సెషన్స్‌లో విచారణంటే అప్పట్లో జ్యూరీ ఉండాల్సిందే. మొత్తం తొమ్మిది మంది. వాళ్ల పేర్లు తీసేది మద్రాసు పట్నంలో కాపురం ఉన్నవాళ్ల జాబితాలోంచి. నేరం జరిగిన చోటు నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంటే గుత్తి రైతుకు గానీ, గుంతకల్లు రైల్వే కూలీకి గానీ ఆ కుర్చీల్లో కూర్చునే యోగమే లేదు. దానికి తోడు ఇంకో నిబంధన: ముద్దాయి తెల్లవాడైతే, జ్యూరీలో కనీసం సగం మంది యూరోపియన్లో అమెరికన్లో ఉండాలని కోరవచ్చు. పదేళ్ల కిందట, 1883లో, భారతీయ మెజిస్ట్రేట్లు తెల్లవాళ్లను విచారించవచ్చని ఇల్బర్ట్ బిల్లు తెస్తే తెల్ల సమాజం భగ్గుమంది. వైస్రాయి రిప్పన్ ప్రభుత్వం మెత్తబడింది. 1884లో రాజీ కుదిరి, జిల్లా మెజిస్ట్రేటు ముందు కూడా అలాంటి జ్యూరీని కోరే హక్కు వాళ్లకు దక్కింది.

సాటివాళ్ల చేత తీర్పు చెప్పించడమే జ్యూరీ పద్ధతికి ప్రాణం. ఇక్కడ సాటివాళ్లు ముద్దాయికే ఉన్నారు. చనిపోయినవాడికి లేరు.

ఆష్‌ఫర్డ్ నిర్దోషిగా బయటికొచ్చాడు.

గుత్తి ఊరుకోలేదు. చందాలు పోగయ్యాయి, హంపన్నకు స్మారకం లేచింది. ఇద్దరు ఆడవాళ్లను కాపాడబోయి సోల్జరు తుపాకికి బలయ్యాడని దాని మీద చెక్కించారు. దొరల పాలనలో, కోర్టు కొట్టేసిన మాటను రాతి మీద బాహాటంగా చెప్పడానికి గుండె ధైర్యం కావాలి.

చట్టం దారికి రావడానికి అర్ధ శతాబ్దం పైనే పట్టింది. విచారణల్లో జాతి తేడాలు పూర్తిగా పోయింది 1949లో. నౌకాదళ అధికారి నానావతి మీద నడిచిన హత్య కేసులో 1959లో బొంబాయి జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా నిర్దోషి అంటే, హైకోర్టు దాన్ని తోసిపుచ్చి శిక్ష వేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి జ్యూరీకి చోటే లేకుండా పోయింది. పత్రికలు చదివి, మనుషుల్ని చూసి తీర్పు చెబుతారని జ్యూరీల మీద ఫిర్యాదు. అది నిజమే కావచ్చు. హంపన్న కేసు చెప్పేది ఇంకొకటి: ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చే దగ్గరే సగం తీర్పు అయిపోతుంది.

ఇక్కడ జ్యూరీ పోయినా, అమెరికాలో పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇప్పుడు జ్యూరీ సమన్లు వస్తుంటాయి. ఎలా తప్పించుకోవాలా అని స్నేహితుల్ని అడిగేవాళ్లూ ఉంటారు. ఆ తొమ్మిదిలో ఒక్క కుర్చీ గుత్తివాడికి దక్కినంత మాత్రాన మద్రాసు తీర్పు మారేదని చెప్పలేం. కానీ కొలువు ఊడుతుందని తెలిసీ ఒక గేట్‌మ్యాన్ ఎందుకు అడ్డం నిలబడ్డాడో విడమరిచి చెప్పక్కర్లేని మనిషి ఒకడైనా లోపల ఉండేవాడు. కాబట్టి నాయనా, సమన్లు వస్తే ఆఫీసులో సెలవు పెట్టి వెళ్లి కూర్చో. మీ వీధిలో ఏ హంపన్న కేసు నడుస్తోందో ఎవరికి తెలుసు?