పెరాక్ సుల్తానులును ఆంగ్ల రెసిడెంట్లును

మలయా ద్వీపకల్పమునందలి పెరాక్ రాజ్యపు కొలువులోని పదవుల పేళ్లు మన పండితులకు వింత గొలుపకపోవు. మంత్రి శబ్దము స్పష్టముగా సంస్కృతము. నౌకాధిపతి బిరుదమగు లక్సమాన రామానుజుని నామమే. బెండహార యనునది భాండాగార శబ్దభవము. ప్రభువులు మహమ్మదీయ మతము నవలంబించిన పిదపను ఈ పేళ్లు నిలిచియే యుండెను. ఇట్టి ప్రాచీనమగు కొలువులోనికి 1874వ సంవత్సరమున రెసిడెంటు అను నొక క్రొత్త పదవి వచ్చి చేరెను. హైదరాబాదు మొదలగు సంస్థానములయందు ఆ పేరు అప్పటికే పాతబడినది.

1871లో సుల్తాను అలీ మృతినొందగా, వారసుడగు రాజా అబ్దుల్లాను విడిచి నాయకులు ఇస్మాయిలును సుల్తానుగా నెన్నుకొనిరి. లారూత్ తగరపు గనులయందు చీనా సంఘములు పోరాడుచుండుటచే దేశము కల్లోలితమై యుండెను. అబ్దుల్లా ఆంగ్ల గవర్నరు సాయము కోరెను. 1874 జనవరి 20వ తేదీన పాంగ్కోర్ ఒడంబడిక జరిగినది. అబ్దుల్లాకు సింహాసనము లభించెను. అందులకు మూల్యముగా, మలయుల మతము, ఆచారము దక్క తక్కిన విషయములన్నింట రెసిడెంటు సలహా నడిగి, దానిని పాటింపవలెనని నియమ మేర్పడెను. ఇస్మాయిలు ఆ సభకు రానేలేదు.

ఆచార మన నేమి? చిక్కంతయు ఈ యొక్క పదముననే యున్నది. నదిపై పోవు సరకులకు తన తావున సుంకము గొనుట నాయకునికి వంశానుగతమగు హక్కు. అప్పు తీర్పలేనివారిని దాసులుగా నుంచుకొనుటయు నట్టిదే. మొదటి రెసిడెంటగు బర్చ్ దృష్టికి సుంకములు పరిపాలన విషయములు, ఋణదాస్యము దురాచారము. పారివచ్చిన దాసీజనమున కాతడు ఆశ్రయ మొసగెను. ఋణదాస్యమును ద్వేషించుట న్యాయమే. కాని నాయకుల జీవనాధారమును లాగికొనుచు, వారి భాషయు మర్యాదయు నెరుగక తొందరపడుట అవివేకమని చెప్పక తప్పదు. 1875లో గవర్నరు జెర్వాయిస్ పాలనాధికారమును ఆంగ్లాధికారుల చేత నుంచ నిశ్చయించి ప్రకటనపత్రములు పంపెను. నవంబరు 2వ తేదీన పాసిర్ సలాక్‌లో ఆ పత్రముల నంటించుచుండగా, నదీతీరమున స్నానగృహములో నున్న బర్చ్‌ను మహారాజలేలా మనుష్యులు పొడిచి చంపిరి.

హాంకాంగు నుండియు భారతదేశము నుండియు సేనలు వచ్చెను. మహారాజలేలా 1877 జనవరిలో ఉరితీయబడెను. అబ్దుల్లా ఆ యేడే సీషెల్స్ ద్వీపములకు పంపబడెను. అచ్చట వినవచ్చిన యొక పాట వరుసయే పెరాక్ రాజగీతమై, 1957లో మలయా జాతీయగీతపు వరుస యయ్యెనని ప్రతీతి.

1877లో వచ్చిన హ్యూ లో వేరు తీరువాడు. బోర్నియో ప్రాంతమున లాబువాన్‌లో చిరకాలము పనిచేసి మలయు భాష లెస్సగా నేర్చినవాడు. ఆతడు రాజ్యసభ నొకదాని నేర్పరచి, అందు రాజప్రతినిధి యూసుఫును, మలయు నాయకులను, చీనా పెద్దలను కూర్చుండబెట్టెను. నాయకులకు వృత్తులును ఉద్యోగములును కల్పించెను. బర్చ్ ప్రాణమును బలిగొన్న సమస్యలలో నొకటగు ఋణదాస్యమును వెంటనే ముట్టక, సభ యంగీకారముతో 1883 చివరకు రద్దు చేయించెను. అధికారము మాత్రము రెసిడెంటు చేతనే యుండెను. దానిని కనబడనీకుండుటయే హ్యూ లో నేర్పు.

1887లో సుల్తానైన ఇద్రిస్ ఈ పద్ధతిలో పెరిగినవాడు, ఆంగ్లేయులకు మిత్రుడు. 1896లో నాలుగు రాజ్యములు సమాఖ్యగా గూడెను. మరుసటి యేడు క్వాలాకాంగ్సార్‌లో సుల్తానుల సభ జరుగగా, దానికి ఆంగ్లేయులు మన దేశమునుండి తెచ్చికొన్న పేరు దర్బారు. కాని పెత్తనము క్రమముగా క్వాలాలంపూరు కచేరీకి చేరినది. 1903 నాటి రెండవ దర్బారులో, ఒక ఓడకు ఇరువురు నాయకులు తగరను మలయు సామెతను ఎత్తి, సమాఖ్య తీరుపై ఇద్రిస్ తన వెరపును తెలియజేసెను. ఆ కాలపు హైకమీషనరు స్వెటన్‌హాము 1875లో బర్చ్ హత్యానంతరము రాత్రివేళ పడవలో నది వెంట తప్పించుకొని పోయిన యువకోద్యోగియే. 1909లో ఫెడరల్ కౌన్సిలు ఏర్పడగా సుల్తానులు అందు సభ్యులుగా కూర్చుండిరి. అధ్యక్షపీఠము హైకమీషనరుది.