కెమెరా రాకముందే కాలిపోయిన వీధులు

విద్యార్థులారా! సూరత్ పాతబస్తీలో ఫోటోలు తీయబోయే ముందు రెండు సంవత్సరాలు గుర్తుంచుకోండి. 1837 ఏప్రిల్‌లో చెలరేగిన మంటలు ఆ నగరంలో తొమ్మిది వేలకు పైగా ఇళ్ళను బూడిద చేశాయి. ఇరుకు సందులు, కొయ్య ఇళ్ళు. ఆపడం ఎవరి తరం కాలేదు. డాగెర్ ఛాయాచిత్ర పద్ధతి పారిస్‌లో వెల్లడైంది 1839లో. కేవలం రెండేళ్ళ తేడా! మొగలుల కాలం నుంచి మిగిలిన ఆ కొయ్య ఇళ్ళలో ఒక్కటీ కెమెరాకు దక్కలేదు.

అందుకే గోపీపురాలో చెక్కడపు స్తంభాల ఇల్లు కనబడగానే మొగలుల నాటిదని రాసేయకండి. అది అగ్నిప్రమాదం తర్వాత కట్టినది కావచ్చు. 1644 నాటి మొగల్ సరాయి సంగతి వేరు. హజ్ యాత్రికులు బస చేసిన ఆ కట్టడం తర్వాత జైలయింది, ఆపైన పురపాలక కార్యాలయమయింది.

కరెంటు తీగలు అడ్డొచ్చాయని పక్కకు జరగకండి, అవీ చరిత్రే. ప్రతి ఫోటో వెనుక వీధి పేరు, తేదీ, ఏ దిక్కుకు తిరిగి తీశారో రాయండి. ఇంటివారి అనుమతి అడగండి. మన అరుగు లాంటి ‘ఓట్లో’ మీద కూర్చున్న పెద్దలను 2006 ఆగస్టు నాటి తాపీ వరద గురించి కూడా అడగండి. నీరు ఏ మెట్టు దాకా వచ్చిందో వాళ్ళే చూపిస్తారు. ఆ మెట్టునూ ఫోటో తీయండి.