బుడమేరు: ముంపు పాతదే.. సాకులూ పాతవే

వాన గట్టిగా పడితే చాలు, బుడమేరు పరీవాహక ప్రాంత ప్రజలకు కంటి మీద కునుకు ఉండదు. నీరు ఏ దారిన వచ్చేదీ, ఎక్కడ నిలిచిపోయేదీ అక్కడి వారందరికీ తెలిసిన విషయమే. అయినా ముంపు వచ్చిన ప్రతిసారీ అది ఊహించని విపత్తుగానే అధికారుల ప్రకటనల్లో కనిపిస్తుంది. ‘బెజవాడ దుఃఖదాయిని’గా పేరుబడిన ఈ ఏరు తీరుతెన్నులు, ముంపునకు చెబుతున్న కారణాల్లోని నిజానిజాలు ఇవీ..

ఏరు పారే దారి

మైలవరం పరిసర కొండల్లో పుట్టిన బుడమేరు వెలగలేరు మీదుగా ప్రవహించి విజయవాడ ఉత్తర శివార్లకు చేరుతుంది. ఎనికేపాడు వద్ద ఏలూరు కాలువ అడుగున నిర్మించిన అండర్‌ టన్నెల్‌ను దాటి, డెల్టా గ్రామాల గుండా సాగి కొల్లేరులో కలుస్తుంది. కొల్లేరు నుంచి సముద్రానికి నీరు వెళ్లే మార్గం ఉప్పుటేరు ఒక్కటే.

వరద తాకిడిని తగ్గించేందుకు వెలగలేరు వద్ద 11 గేట్లతో రెగ్యులేటర్‌ నిర్మించారు. వచ్చిన నీటిని మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణా నదిలోకి పంపాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం. కాలువ మోయలేనంత వరద వస్తే గేట్లు ఎత్తక తప్పదు. ఎత్తితే ఆ నీరు పాత దారిన నగరం మీదికి రాక మానదు.

2024లో జరిగిందిదే

2024 ఆగస్టు 31న కురిసిన కుంభవృష్టికి బుడమేరు పొంగింది. మళ్లింపు కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1న సింగ్‌నగర్‌, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీట మునిగాయి. సైన్యం సాయంతో సెప్టెంబరు 7న మూడో గండిని పూడ్చారు. నగరాన్ని ముంచిన నీరు దిగువకు సాగి నందివాడ మండల గ్రామాలనూ చుట్టుముట్టింది.

వాన అసాధారణమా?

ముంపు రాగానే వినిపించే తొలి మాట ‘రికార్డు వర్షం’. 2024 నాటి వాన అసాధారణమన్నది వాస్తవమే. అయితే బుడమేరు 2005లోనూ నగరాన్ని ముంచెత్తింది. ఆ తర్వాతే మళ్లింపు కాలువను 37,500 క్యూసెక్కుల ప్రవాహానికి తగినట్లు విస్తరించాలని తలపెట్టారు. తదుపరి పెద్ద వరద వచ్చేనాటికి దాదాపు 19 ఏళ్లు గడిచినా ఆ పని సంపూర్ణం కాలేదు.

కృష్ణమ్మ పోటెత్తితే..

‘నదిలో వరద ఉండటంతో కాలువ నీరు కలవలేదు’ అన్నది రెండో కారణం. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. నది నిండుగా ఉంటే కాలువ నీరు వెనక్కి తన్నుతుందన్నది నిజమే. వానాకాలంలో ఏరు, నది ఒకేసారి పొంగడం మాత్రం వింత కాదు. మళ్లింపు కాలువ ఒక్కదాన్నే నమ్ముకుని, పాత ఏటి దారిని పూడికకు, గుర్రపుడెక్కకు వదిలేయడమే అసలు లోపం.

ఆక్రమణలు ఎవరి పుణ్యం?

ఏటి గర్భంలో ఇళ్లు కట్టుకున్నారన్నది మూడో సాకు. గూడు లేక చేరిన పేదలు కొందరైతే, ప్లాట్లుగా వేసి అమ్ముకున్నవారు ఇంకొందరు. అక్కడికి రోడ్లు, కరెంటు, కుళాయిలు వాటంతట అవి రాలేదు. 2024 వరదల అనంతరం ‘ఆపరేషన్‌ బుడమేరు’ చేపడతామని ప్రభుత్వం ప్రకటించింది. నగరంలో దారి విశాలమైనా దిగువన కొల్లేరులో అడ్డుకట్టలు, ఉప్పుటేరులో మేటలు తొలగకపోతే నీరు డెల్టా పొలాలపైనే నిలుస్తుంది. కొల్లేరులో +5 కాంటూరు వరకు అభయారణ్యమని 1999లోనే ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లను తొలగించారు. తర్వాత పలుచోట్ల అవి మళ్లీ లేచాయి.

రైతు సెస్సు కట్టిన మాటేమిటి?

‘నిధులు లేవు’ అన్న మాట డెల్టా రైతులకు రుచించదు. 1964 వరదల తర్వాత మిత్రా కమిటీ డెల్టా మురుగు సమస్యను అధ్యయనం చేసింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో డ్రెయిన్ల బాగు కోసమే 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం తెచ్చారు. మురుగు పోయే దారి కోసం భూమి గలవారిపై భారం మోపిన ప్రభుత్వం, ఆ దారిని కాపాడే బాధ్యత నుంచి తప్పుకోజాలదు.

జూన్‌లోపు చూడాల్సినవి

తొలకరికి ముందే డ్రెయిన్లలో తూడు, గుర్రపుడెక్క తొలగాలి. రెగ్యులేటర్ల గేట్లు, గట్లలో బలహీన ప్రదేశాలు సరిచూడాలి. గేట్లు ఎత్తేముందు దిగువ కాలనీలకు, గ్రామాలకు దండోరా, ఫోన్‌ సందేశాల ద్వారా సమాచారం అందాలి. ఏ పనికి ఎంత ఖర్చయిందో, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు పూడిక తీశారో సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా కోరవచ్చు. గ్రామ పటంలో ఏటి వెడల్పు ఎంతో, నేలపై మిగిలింది ఎంతో సర్వే చేసి హద్దురాళ్లు నాటితే సాకులకు చోటుండదు. ఈ పనులకు అదను వేసవే. వాన మొదలయ్యాక మిగిలేది ఇసుక బస్తాలు, పునరావాస కేంద్రాలే.