వేడినీటి పాత్రకు ఆయువెంత?

వేడినీటి పాత్రకు ఆయువెంత అను ప్రశ్న మన పెద్దలకు పెద్దగా పట్టినది కాదు. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో నున్న హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములందు బచ్చలి ప్రక్కన మట్టిపొయ్యిలో మెడదాక అమర్చిన రాగి అండా తరతరములు నిలిచెడిది. క్రింద కందికట్టెయో, వేరుసెనగ పొట్టో మండుచుండెడిది. చిల్లిపడినచో కంచరి మాటు వేసెడివాడు. అడుగు బొత్తిగా అరిగినచో పాతరాగిని తూకమునకిచ్చి క్రొత్తది తెచ్చుకొనెడివారు. మూత తీసిన చాలు, అండా లోపలి స్థితి కంటికి కనబడును. తరువాత వచ్చిన యంత్రములలో ఈ ఒక్క సౌకర్యము లేకపోయెను. మన చిక్కంతయు అచ్చటనే ఆరంభమైనది.

బెంజమిన్ మాఘన్ అను ఆంగ్లేయుడు 1868లో లండను నగరమున గ్యాసుమంటతో నీటిని అప్పటికప్పుడు కాచు యంత్రమును నిర్మించి ‘గీజరు’ అని పేరుపెట్టెను. ఐస్లాండు దీవిలో నేలనుండి ఎగజిమ్ము వేడినీటి ఊట పేరది. నార్వేలో జన్మించిన ఎడ్విన్ రూడ్ అను ఇంజనీరు 1889లో అమెరికాలోని పిట్స్‌బర్గున, తొట్టిలో నిలువయున్న నీటిని తనంత తానే కాచు సాధనమును సమకూర్చెను. మన గోడకు వ్రేలాడు విద్యుత్తు గీజరు ఈ రెండవ వంశమునకు చెందినది. పేరు ఒకరిది, పద్ధతి ఇంకొకరిది!

మూసియున్న తొట్టిలో కఠినజలము చేయు పనిని మనకంటె ముందు రైలువారెరుగుదురు. గుంతకల్లు నుండి ధర్మవరము మీదుగా, ఒకప్పుడు విజయనగర రాజధానియైన పెనుకొండను, హిందూపురమును దాటి బెంగుళూరు వైపు సాగు మీటరుగేజి దారి 1890 దశకమున పడినది. ఆవిరియింజను నీటిని త్రాగి బ్రతుకునది. నీటిలోని సున్నము బాయిలరు గొట్టములకు పొరలుగా పట్టినయెడల మంటవేడి నీటికి అందక, లోహము మితిమీరి కాగి చెడును. అందుచేత నియమిత కాలమున కొకమారు ఇంజనును చల్లార్చి బాయిలరు కడుగుట రైలుశాలలలో తప్పని పని. ఆవిరియింజనులు పోయినవి, ఆ నీరు పోలేదు. హిందూపురమున పట్టుగూళ్ళను వేడినీట వేసి దారము తీయువారికిని, ధర్మవరమున పట్టుకు జిగురు వదలగొట్టి రంగులద్దువారికిని నీటి గుణము జీవనాధారమైన విషయము. కఠినజలమున సబ్బు నురుగుకట్టక విరిగి తెట్టెగా తేలును. ఆ తెట్టె పట్టునకు అంటిన రంగు సమముగా ఎక్కదు.

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను సీమ ఇది. లోతుబోరుల నాశ్రయింపక తప్పలేదు. రాళ్ళ నడుమ చిరకాలము నిలిచిన నీరు సున్నపు లవణములను కరిగించుకొనును. వేడి తగిలినపుడు బొగ్గుపులుసుగాలి విడిపోయి, సున్నము గట్టిపడి గీజరు కాయిలుకు అంటును. వేడి 60 డిగ్రీలు దాటినకొలది ఈ పొర త్వరగా పెరుగును.

తొట్టి ఇనుము తుప్పుపట్టకుండ లోపల గాజుపూత పూసి, మెగ్నీషియపు కడ్డీ నొకదానిని అమర్చుదురు. ఈ ఉపాయము ఓడలనుండి వచ్చినది. 1824లో సర్ హంఫ్రీ డేవీ ఆంగ్ల నౌకాదళపు ఓడల అడుగునగల రాగిరేకును కాపాడుటకు ఇనుము, జింకు ముక్కలను తగిలించి చూచెను. అవి తాము క్షయించి రాగిని రక్షించినవి. అయితే కరగని రాగికి విషము లేకపోవుటచే నత్తలును నాచును ఓడలకు దట్టముగా పట్టినవి. ఆ ప్రయోగమును మానుకొనవలసి వచ్చినది. మన గీజరులో నత్తల బెడద లేదు గనుక ఉపాయము చక్కగా సాగును. ఆ కడ్డీ పూర్తిగా అరిగిననాటి నుండి తుప్పు తొట్టినే తినును.

కావున గీజరు వయస్సును సంవత్సరములతోనే లెక్కించుట సరికాదని మా అభిప్రాయము. సాధారణముగా 8 మొదలు 12 ఏండ్లందురు. మన బోరునీట అంతకు ముందే చెడవచ్చును. ఏటేట కడిగించినది అంతకు మించి నిలువవచ్చును. గడియారముతో ఒక పరీక్ష కలదు. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు 2 కిలోవాట్ల గీజరుకు సుమారు 18 నిమిషములు పట్టును. మునుపటికంటె చాల త్వరగా దీపమారి, వేడినీరు ఒక బకెట్టుకైన చాలకున్నచో, అడుగున సున్నపు పెళ్ళలు చేరియుండవచ్చును. కాగునపుడు పటపటమను శబ్దమునకును తరచు అదియే కారణము. అసలు వేడెక్కకున్నచో కాయిలో, థర్మోస్టాటో పోయియుండును. ఇవన్నియు కుదుర్పదగిన రోగములు. వీటికై క్రొత్త గీజరు కొనుమను వర్తకుని మాట వినవలసిన పనిలేదు.

తొట్టి చెడుట వేరు. చన్నీటి కుళాయిలో తేటనీరు వచ్చుచు, వేడినీటి కుళాయిలో మాత్రమే ఎఱ్ఱనీరు వచ్చినచో తుప్పు లోపల ఆరంభమైనదని అనుమానింపవలెను. గొట్టముల బిగింపు దగ్గరి చెమ్మ ఒక వాషరుతో పోవును. కాగునపుడు సేఫ్టీ వాల్వు కొన్ని బొట్లు రాల్చుట దాని ధర్మమే; దానిని ఎన్నడును మూయరాదు. తొట్టి నుండియే నీరు కారినచో మాత్రము మార్చవలసినదే. అండాకు కంచరి వేసిన మాటు దీనికి పనికిరాదు.

కుళాయి ముట్టుకొన్న చేయి జిల్లుమన్నచో వయస్సును, వారంటీని చూచుచు కూర్చుండరాదు. మెయిన్ స్విచ్చి ఆపి, తెలిసిన పనివానిచే గీజరును, ఎర్తు తీగను చూపించువరకు పిల్లలనుగాని పెద్దలనుగాని ఆ గదిలోనికి పోనీయరాదు.

క్రొత్తది బిగించిననాడే దానిపై తేదీ వ్రాయించుకొనుడు. ఏడాదికొకమారు తొట్టి కడిగించునపుడు మెగ్నీషియపు కడ్డీని మీ యెదుటనే బయటికి తీయించి చూడుడు. సగముకంటె తక్కువ మిగిలియున్నచో అప్పుడే మార్పించుడు.