హమాలీ ఆడవాళ్ల కార్డులు

ఈ నివేదిక కోసం సభ్యుల జాబితా సరిచూస్తుంటే ఒక సంగతి మా కంట పడింది. ‘వృత్తి’ అన్న గడిలో పేజీలకు పేజీలు ‘గృహిణి’ అనే ఉంది. పొద్దున కూలికి పోయి, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా బీడీలు చుట్టే అక్క కూడా గృహిణే. బస్టాండు దగ్గర పండ్ల బండి పెట్టుకున్న చెల్లె కూడా గృహిణే. రాసింది ఎవరో బయటివాళ్లు కాదు, మన బుక్ కీపర్లే. అడిగే రాశారు. “ఏం పని చేస్తావక్కా?” అంటే “ఏముందమ్మా, ఇంట్లోనే ఉంటా” అని మనమే చెప్పాం. అందుకే ఈసారి చరిత్ర పేజీలకు అహ్మదాబాద్ ఆడవాళ్ల కథ తీసుకున్నాం. వాళ్లు పోరాడింది ముందుగా ఈ గడి కోసమే.

అహ్మదాబాద్ అంటే ఒకప్పుడు బట్టల మిల్లుల ఊరు. 1918లో అక్కడ మిల్లు కార్మికులు సమ్మె చేస్తే గాంధీగారు వాళ్ల పక్కన నిలబడ్డారు. ఆయనతో పాటు నిలబడిన మనిషి అనసూయా సారాభాయి. ఎదుటి పక్షాన ఉన్న మిల్లు యజమాని సొంత తమ్ముడే. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. 1920లో టెక్స్‌టైల్ లేబర్ అసోసియేషన్ ఏర్పడింది. అక్కడి జనం దాన్ని మజూర్ మహాజన్ అంటారు. ఒక ఆడమనిషి చేతుల మీదుగా మొదలైన సంఘమే అయినా, మిల్లుల్లో ఆడకూలీలు ఏటేటా తగ్గిపోవడంతో సంఘంలో ఆడవాళ్లంటే సభ్యుల భార్యలు, కూతుళ్లు అన్నంత వరకే మిగిలింది. 1954లో మహిళా విభాగం పెట్టారు. కుట్లు, అల్లికలు, టైపు నేర్పేవారు. మంచి పనే, కాదనం. మన సంఘాలకు మొదట్లో వచ్చిన శిక్షణలూ ఇలాంటివే కదా.

ఆ విభాగం బాధ్యత 1968లో ఇలాబెన్ భట్ తీసుకున్నారు. బెన్ అంటే గుజరాతీలో అక్క. ఆమె లాయరు, 1955 నుంచే ఆ సంఘంలో పనిచేస్తున్నారు. మిల్లులు మూతపడినప్పుడు ఆమె కార్మికుల ఇళ్లకు వెళ్లి చూశారు. మగవాళ్లు ఉద్యోగం తిరిగి ఇవ్వమని సంఘం ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. ఇంట్లో పొయ్యి మాత్రం వెలుగుతూనే ఉంది. కూరగాయలు అమ్మి, బట్టలు కుట్టి, బండ్లు లాగి దాన్ని వెలిగిస్తున్నది ఆడవాళ్లు. ఏ కార్మిక చట్టంలోనూ వాళ్ల పేరు లేదు.

1971లో బట్టల బజారు హమాలీ ఆడవాళ్లు ఆమెతో తమ గోడు చెప్పుకున్నారు. హోల్‌సేల్ కొట్ల నుంచి చిల్లర కొట్లకు నెత్తిన బట్టల మూటలు మోసే పని వాళ్లది. కిరాయి తడవకింత. దూరం ఎక్కువైనా, బరువు ఎక్కువైనా అంతే. ఎన్ని తడవలు మోసిందీ రాసిపెట్టే పుస్తకం లేదు కాబట్టి సాయంత్రం షావుకారు ఎంత చెబితే అంత. ఇలాబెన్ ఈ సంగతి స్థానిక పత్రికలో రాశారు. వ్యాపారులకు కోపం వచ్చింది. ‘మేము న్యాయంగానే ఇస్తున్నాం’ అని వాళ్లూ పత్రికలో జవాబు వేయించారు.

మహిళా విభాగం వాళ్లు ఆ జవాబు మీద వాదన పెట్టుకోలేదు. వ్యాపారులు చెప్పిన మాటలనే కార్డుల మీద అచ్చు వేయించి హమాలీ ఆడవాళ్లకు పంచారు. ఇక తక్కువ ఇస్తే కార్డు చూపించడమే. చదువు రాని ఆడవాళ్ల చేతిలో షావుకార్ల సొంత మాట అచ్చులో ఉంది. ఈ కథంతటిలో మాకు బాగా నచ్చింది ఇదే.

ఆ మాట బజారంతా పాకింది. తర్వాత పాతబట్టలు అమ్ముకునే ఆడవాళ్లు వచ్చారు. మన వీధుల్లో పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే వాళ్లను మనమూ ఎరుగుదుం, అలాంటి వ్యాపారమే. ఒక పార్కులో సమావేశం పెడితే వంద మందికి పైగా వచ్చారు. మనకంటూ ఒక సంఘం ఉండాలని ఆ గుంపులోంచే ఒకామె అన్నది. మజూర్ మహాజన్ అధ్యక్షుడు అరవింద్ బుచ్ కూడా తోడ్పడ్డారు. 1971 డిసెంబరులో సేవ పుట్టింది. ఇది మనం అనుకునే సేవ కాదు. ‘స్వయం ఉపాధి మహిళల సంఘం’ అన్న ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు.

రిజిస్ట్రేషన్‌కు పోతే కార్మిక శాఖ కుదరదంది. మీకు యజమాని ఎవరు, ఎవరి మీద కొట్లాడతారు, యజమాని లేనిదే యూనియన్ ఏమిటి అని ప్రశ్న. సంఘం ఉండేది ఒకరి మీదకు పోవడానికే కాదు, కూలీలు ఒక్కటి కావడానికి అని వీళ్ల జవాబు. నెలల తరబడి తిరిగితే 1972 ఏప్రిల్‌లో యూనియన్‌గా నమోదయింది.

తర్వాతది బ్యాంకు పోరు. జాతీయ బ్యాంకులకు వెళ్తే మాసిన చీరలు, చంకలో పిల్లలు, వేలిముద్రలు చూసి అక్కడివాళ్లు విసుక్కునేవారు. మనలో పాతవాళ్లకు ఆ చూపు గుర్తుండే ఉంటుంది. మన బ్యాంకు మనమే పెట్టుకుందాం అనుకున్నారు. నాలుగు వేల మంది తలా పది రూపాయల వాటాధనం కట్టారు. కాగితాల మీద పదిహేను మంది సంతకాలు కావాలంటే, ఒక రాత్రంతా మేలుకొని పేరు రాయడం నేర్చుకున్నారు. 1974లో సహకార బ్యాంకు మొదలైంది. నిశానీలతో పాటు సభ్యురాలి ఫోటో చూసి గుర్తుపట్టే పద్ధతి పెట్టుకున్నారు.

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. మిల్లు పనికని తెలుగు నేల నుంచి అహ్మదాబాద్ వలసపోయిన పద్మశాలి కుటుంబాల్లో మగవాళ్లు మగ్గాల దగ్గర, ఆడవాళ్లు ఇంట్లో బీడీల చాట దగ్గర. సేవ కూడగట్టిన బీడీ కార్మికుల్లో వాళ్లు ఉన్నారు. గుర్తింపు కార్డు, ప్రావిడెంటు ఫండు, కూలి రేటు అన్నవి ఇక్కడ మన బీడీ అక్కలు అడుగుతున్నవే.

ఇంతవరకూ సేవ మజూర్ మహాజన్ నీడలోనే నడిచింది. ఆ నీడ వల్ల మేలు జరిగింది. కూర్చోవడానికి చోటు, అధికారుల ముందు ఒక పేరు, పాత సంఘం పలుకుబడి, అన్నీ అక్కడివే. కానీ ఆడవాళ్ల యూనియన్ తన కాళ్ల మీద నిలబడే కొద్దీ పెద్దలకు ఇబ్బంది పెరిగింది. 1981లో మెడికల్ కాలేజీ సీట్ల రిజర్వేషన్ మీద గుజరాత్‌లో అల్లర్లు జరిగి దళితవాడల మీద దాడులయ్యాయి. సేవ సభ్యుల్లో దళిత స్త్రీలు చాలామంది. ఇలాబెన్ బహిరంగంగా దళితుల పక్షాన మాట్లాడారు. సంఘ నాయకత్వానికి అది నచ్చలేదు. ఆ మే నెలలో ఆమెనూ, సేవనూ మజూర్ మహాజన్ నుంచి బయటికి పంపేశారు. పుట్టింటి గడప దాటించినట్టే అయింది. కానీ అప్పటికే బ్యాంకు వాళ్లది, రిజిస్ట్రేషన్ వాళ్లది, రశీదు పుస్తకాలు వాళ్లవి. తల్లి సంఘంలో ఉండగానే ఇవన్నీ తమ పేరున పెట్టుకోకపోతే ఆ రోజు చేతిలో ఏమీ మిగిలేది కాదని మా అభిప్రాయం.

తర్వాతి సంగతులు చాలావరకు తెలిసినవే. స్వయం ఉపాధి స్త్రీల మీద జాతీయ కమిషన్‌కు ఇలాబెన్ అధ్యక్షత వహించారు. 1988లో ‘శ్రమశక్తి’ నివేదిక వచ్చింది. ఇంటి దగ్గర చేసే పనీ పనేనని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసింది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. మన పట్టణాల్లో బండ్ల వాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డుకు ఆధారం అదే. వీటి కోసం ఎందరో పాటుపడ్డారు, అందులో సేవ ముందు వరసలో ఉంది. ఇలాబెన్ 2022 నవంబరులో కన్నుమూశారు.

మన జాబితా మళ్లీ రాయడం మొదలుపెట్టాం. గ్రామ సంఘాల్లో కూర్చోబెట్టి అడుగుతుంటే ‘కూలి’, ‘బీడీ’, ‘బర్రెలు’, ‘మిషన్ కుట్టు’ అని ఒక్కొక్కటీ బయటికి వస్తున్నాయి. కొందరు మాత్రం వద్దంటున్నారు. పని ఉందని రాస్తే బియ్యం కార్డు తీసేస్తారేమోనని వాళ్ల భయం. అది ఉత్త భయమని కొట్టిపారేయలేం. అది తీర్చకుండా వాళ్ల పేర్ల పక్కన మనంతట మనం ఏమీ రాయలేం. అందుకే వచ్చే నెల మండల సమాఖ్య సమావేశం ఎజెండాలో మొదటి అంశంగా దీన్నే పెట్టాం.