తెలుగువారి నిత్యభోజనం: సంప్రదాయ భావనపై చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వరి అన్నం, పప్పు, ఎర్రని పచ్చడి, చారు, మజ్జిగ – ఈ వరుసను నేడు తెలుగింటి సంప్రదాయ భోజనంగా వ్యవహరిస్తున్నారు. ఇంటి వంట గనుక ఇది అనాదిగా ఇలాగే ఉన్నదని భావించడం పరిపాటి. అయితే ఇందులోని ప్రధాన ధాన్యం, ప్రధానమైన కారం రెండూ అధికసంఖ్యాకుల వంటింటికి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కారణాలతో చేరాయి. ఆ క్రమాన్ని సాహిత్య, భాషా, ఆర్థిక ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కావ్యాల సాక్ష్యం

శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువునుబట్టి పెట్టిన భోజనాన్ని వర్ణించాడు. వానాకాలంలో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నేయి, వడియాలు, పెరుగు. వేసవిలో గోరువెచ్చని అన్నం, చారు, పలుచని అంబలి, మజ్జిగ. చలికాలంలో మిరియాల పొడి చల్లిన వేడి కూరలు, ఆవఘాటు గల పచ్చళ్లు ఇందులో కనిపిస్తాయి. ఇక్కడి కారం మిరియానిది, ఆవాలది. మిరప ప్రసక్తి లేదు.

ఇది కలిగిన ఇంటి భోజనం. సామాన్యుని ఆహారాన్ని మరోచోట వెదకాలి. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులు జొన్నకూటిని ఎత్తిపొడుస్తాయి. మెట్టప్రాంతపు నిత్యాహారం జొన్న అనే విషయాన్ని ఆ నిందే పరోక్షంగా ధ్రువపరుస్తున్నది. సాహిత్యంలోని ఇటువంటి ఆధారాల విలువను సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) నిరూపించింది.

మిరప రాక

అమెరికా ఖండానికి చెందిన మిరప పోర్చుగీసు వర్తకం ద్వారా 16వ శతాబ్దిలో భారతదేశం చేరింది. ‘మిరప’ అన్న మాటకు ‘మిరియం’తో ఉన్న సంబంధం గమనార్హం: కొత్త కాయకు పాత కారం పేరే దక్కింది. మిరియం మలబారు వంటి తడినేలల పంట. తక్కినవారు దానిని కొనవలసిందే. మిరప పెరటిలోనూ కాస్తుంది, ఎండబెడితే నిల్వ ఉంటుంది. కనుకనే సంకటిలోకి, రొట్టెలోకి నూరిన కారం పేదింటికీ అందుబాటైంది.

వరి విస్తరణ

ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852), ఆపై 1855 నాటికి పూర్తయిన కృష్ణా ఆనకట్ట డెల్టాలో వరిసాగును విస్తరింపజేశాయి. 1967లో పూర్తయిన నాగార్జునసాగర్ ఆనకట్ట కింది కాలువలు జొన్నకు పేరుపొందిన పల్నాటికి సైతం వరిని తెచ్చాయి. 1983లో ప్రవేశపెట్టిన కిలో 2 రూపాయల బియ్యం పథకంతో నీరు అందని పల్లెల్లోనూ వరి అన్నం నిత్యాహారమైంది. ఆకలిని తగ్గించిన ఆ పథకమే చిరుధాన్యాలకు వంటింట చోటు తగ్గించింది.

ఈ మార్పు భాషలోనూ నమోదైంది. ఆహారమనే విస్తృతార్థం గల ‘అన్నం’ నేడు వరి అన్నానికే పరిమితమైంది. ఒకనాడు కొర్రన్నం, జొన్నన్నం అన్న వాడుకలు సహజం. రాయలసీమలో రాగులు, తెలంగాణలో తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్లు – ఒకే ధాన్యానికి ఇన్ని పేర్లుండడం అది ఎన్ని ప్రాంతాల సొంత తిండిగా ఉండేదో తెలుపుతుంది.

ముగింపు

ఏ ఒక్క విస్తరినో సంప్రదాయంగా స్థిరపరిస్తే జొన్న గటక, రాగిసంకటి, చోళ్ల అంబలి తిన్నవారి వంటిళ్లు చరిత్ర వెలుపలే మిగిలిపోతాయి. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించిన తరువాత ఆరోగ్యాహారంగా వీటికి ఆదరణ పెరిగింది. అయితే అవి శ్రమజీవుల నిత్యాహారమన్న చరిత్ర ఆ ఆదరణలో మరుగునపడరాదు. కొర్రలు దంచడం, సంకటి కెలకడం, అంబలి పులియబెట్టడం ఎక్కువగా స్త్రీల చేతుల్లో నిలిచిన, గ్రంథాలకెక్కని జ్ఞానం. ఆ జ్ఞానం గల వృద్ధుల మౌఖిక కథనాలను ప్రాంతాలవారీగా సేకరించడం ఆహారచరిత్ర పరిశోధకుల తక్షణ కర్తవ్యం.