ఫ్యాంటసీ ఫ్యాన్ ఫిక్షన్: పాఠకుల మెచ్చుకోలు చరిత్ర

ఒక రచయిత కల్పించిన లోకాన్నీ పాత్రలనూ తీసుకుని, వాటిని ప్రేమించిన పాఠకులే అల్లే కొత్త కథలను ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. టోల్కీన్ మధ్యభూమి, రౌలింగ్ హాగ్వార్ట్స్ లాంటి అద్భుత లోకాల చుట్టూ ఈ రచన విపరీతంగా పెరిగింది. మూలకథ హక్కులు వేరొకరివి కాబట్టి ఈ కథలను అమ్ముకునే వీలు లేదు. చదివినవాళ్ళు తిరిగి రాసే మాటలే రాసినవాళ్ళకు దక్కే ఫలితం. కథ ఒక కానుక, దాని మీద వచ్చే వ్యాఖ్య బదులు కానుక అని అమెరికన్ పరిశోధకురాలు కరెన్ హెలెక్సన్ 2009లో ఈ ఏర్పాటును వివరించారు. అచ్చు పత్రికల ఉత్తరాలతో మొదలై, ఒక్క బటన్ నొక్కడం దాకా వచ్చిన ఈ మెచ్చుకోలుకు దాదాపు వందేళ్ళ చరిత్ర ఉంది. ఫ్యాన్ ఫిక్షన్ గురించి రాసేవాళ్ళు ఎక్కువగా కథల గురించే రాస్తారు. కానీ ఆ కథలు ఆగకుండా సాగడానికి కారణమైన పాఠకుల మాటలకూ అంతే చోటు దక్కాలి.

ఉత్తరాల కాలం

అమెరికాలో 1923లో మొదలైన 'వియర్డ్ టేల్స్' పత్రిక పాఠకుల ఉత్తరాలకు ఒక శీర్షిక నడిపింది. ఏ కథ నచ్చిందో, ఏ రచయితది ఇంకా కావాలో పాఠకులు అందులో రాసేవారు. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ ప్రారంభించిన 'అమేజింగ్ స్టోరీస్' ఇంకో అడుగు వేసి, ఉత్తరాలు రాసినవాళ్ళ చిరునామాలను కూడా అచ్చు వేసింది. దాంతో పాఠకులు సంపాదకుడి ప్రమేయం లేకుండా ఒకరికొకరు రాసుకోవడం మొదలుపెట్టారు. క్లబ్బులు పుట్టాయి. 1930లో షికాగో నుంచి వచ్చిన 'ది కామెట్'ను తొలి అభిమాన పత్రికగా లెక్కిస్తారు. ఇలాంటి పత్రికలకు 'ఫ్యాన్‌జీన్' అన్న పేరు 1940లో వచ్చింది.

మెచ్చుకోలు ఎంత లోతుకు వెళ్ళగలదో చూపే ఘటన ఒకటి ఆ రోజుల్లోనే జరిగింది. రాబర్ట్ హోవర్డ్ రాసిన కోనన్ కథలు 'వియర్డ్ టేల్స్'లో వరుస క్రమం లేకుండా వచ్చేవి. ఒక కథలో నాయకుడు రాజు, తర్వాతి కథలో కుర్ర దొంగ. షైలర్ మిల్లర్, జాన్ క్లార్క్ అనే ఇద్దరు అభిమానులు ఆ కథలన్నీ మళ్ళీ మళ్ళీ చదివి, కోనన్ జీవితాన్ని కాలక్రమంలో పేర్చి, 1936లో హోవర్డ్‌కు పంపారు. ఆయన ఆదరంగా జవాబు రాశాడు, వాళ్ళ అమరికలో కొన్ని సవరణలు చెప్పాడు, కథల్లో ఎక్కడా రాయని వివరాలు కూడా జోడించాడు. అదే ఏడాది జూన్‌లో ఆయన చనిపోయాడు. అభిమానులు అంత శ్రద్ధగా చదివి ఉండకపోతే ఆ వివరాలు కాగితం మీదికి వచ్చేవే కావు. పొగడ్త ఒక్కటే అయితే హోవర్డ్ ధన్యవాదాలు చెప్పి ఊరుకునేవాడేమో. తన కథలను అంత దగ్గరగా చదివినవాళ్ళు కనిపించబట్టే మనసు విప్పి రాశాడు.

అభిమాన పత్రికల ఆర్థిక వ్యవహారం కూడా ఉత్తరాల మీదే నడిచేది. చాలా పత్రికలను డబ్బు పెట్టి కొననక్కరలేదు. సంచిక చదివి అభిప్రాయం రాసి పంపితే తర్వాతి సంచిక ఉచితంగా వచ్చేది. లేదంటే తమ పత్రిక పంపి మార్చుకోవచ్చు, రచన పంపవచ్చు. ఈ అభిప్రాయ లేఖలను సంపాదకులు పేజీల కొద్దీ అచ్చు వేసేవారు. వాటికి జవాబులు వచ్చేవి, ఆ జవాబులకు మళ్ళీ జవాబులు. నలుగురూ మెచ్చుకున్నప్పుడు కలిగే ఆనందానికి ఈ వర్గం 'ఈగోబూ' అనే ప్రత్యేకమైన మాటను కూడా పుట్టించుకుంది. అభిమాన రచనకు డబ్బు రాదు, ఈగోబూ వస్తుంది అని బాహాటంగానే చెప్పుకునేవారు.

టోల్కీన్ అభిమానుల తొలి పత్రిక 'ఐ పాలాంటిర్' 1960లో లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చింది. తర్వాత నవలాకారిణిగా పేరు తెచ్చుకున్న మారియన్ జిమ్మర్ బ్రాడ్లీ మధ్యభూమి నేపథ్యంగా రాసిన కథ అందులోనే వెలువడింది. 1967లో న్యూయార్క్ నుంచి 'స్పాకనేలియా' అనే పత్రిక వచ్చాక, టీవీ సీరియల్ 'స్టార్ ట్రెక్' అభిమానులు ఈ పద్ధతిని పెద్ద ఎత్తున అందుకున్నారు. వీళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. పత్రిక తపాలాలో చేరి, పాఠకురాలు చదివి, ఉత్తరం రాసి, అది తర్వాతి సంచికలో వెలువడేసరికి నెలలు గడిచేవి. ఆలస్యం వల్ల ఒక మేలు కూడా జరిగింది. ఆ ఉత్తరాలు తొందరపాటు మాటలు కావు, కూర్చుని ఆలోచించి రాసినవి.

హ్యారీ పాటర్ తరం

1998లో ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ మొదలవడంతో ఈ నెలల ఎదురుచూపు నిమిషాలకు కుదించుకుపోయింది. ప్రతి అధ్యాయం కింద రివ్యూ రాసే చోటు ఉండేది, రాసిన వెంటనే రచయితకు ఈమెయిల్ వెళ్ళేది. 2000 జూలైలో హ్యారీ పాటర్ నాలుగో పుస్తకం వచ్చాక ఐదోదాని కోసం పాఠకులు 2003 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మూడేళ్ళ ఎడంలో వేలాదిమంది పిల్లలూ పెద్దలూ తామే తర్వాతి కథ రాసుకున్నారు, ఒకరిదొకరు చదువుకున్నారు. అధ్యాయాలుగా రాయడం వల్ల రివ్యూలు కథ నడుస్తుండగానే వచ్చేవి. తర్వాతి అధ్యాయం మొదట్లో రచయిత ఒక్కొక్క పాఠకుణ్ణీ పేరు పెట్టి పలకరించి జవాబు చెప్పడం ఆనవాయితీ అయింది. ఊహ సరిగ్గా పట్టినవాళ్ళకు ఒక మాట, తప్పు దిద్దినవాళ్ళకు ఒక కృతజ్ఞత.

పరిశోధకురాలు రెబెకా బ్లాక్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఒక అమ్మాయి కథ ఉంది. షాంఘై నుంచి పదకొండేళ్ళ వయసులో కెనడా వచ్చి, రెండున్నరేళ్ళ ఇంగ్లీషుతోనే 'కార్డ్‌క్యాప్టర్ సకురా' అనే జపనీస్ అద్భుత ధారావాహిక మీద కథలు రాయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు నా సొంత భాష కాదు, తప్పులుంటే మన్నించండి అని ముందుమాటలో చెప్పుకునేది. చదివినవాళ్ళు ముందు కథ ఎందుకు నచ్చిందో చెప్పి, ఆ తర్వాత నెమ్మదిగా వ్యాకరణం దిద్దేవారు. ఆమె కథలో చైనీస్ మాటలు కలిపితే అవి తమకు నచ్చాయని రాసేవారు. కాలక్రమంలో ఆమె తన భాషనూ తన దేశ చరిత్రనూ ధైర్యంగా కథల్లోకి తెచ్చింది. ఆమెకు వేల సంఖ్యలో రివ్యూలు వచ్చాయి. కొత్తగా రాసేవాళ్ళకు ఏ వరసలో ఏది చెప్పాలో ఆ పాఠకులకు తెలుసు. ఏ తరగతి గదికైనా ఆదర్శంగా చూపించదగ్గ పద్ధతి అది.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన సిసిలియా ఆరగాన్, కేటీ డేవిస్ బృందం ఇదే సంగతిని పెద్ద మోతాదులో పరిశీలించింది. ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్‌లో అప్పటికి 17 కోట్లకు పైగా రివ్యూలు పోగుపడ్డాయి. వాటిలోంచి హ్యారీ పాటర్, డాక్టర్ హూ, మై లిటిల్ పోనీ కథల మీద వచ్చిన 4,500 రివ్యూలను తీసి, 2017లో ఫలితాలు ప్రకటించారు. మూడింట ఒక వంతు 'బాగుంది, ఇంకా రాయండి' తరహా పొట్టి మెచ్చుకోళ్ళు. కథలోని ఫలానా విషయాన్ని పట్టుకుని మాట్లాడినవి కూడా గణనీయంగానే ఉన్నాయి. కటువుగా తిట్టినవి వందకు ఒకటి కూడా లేవు. ఒక్కొక్క రివ్యూ చిన్నదే అయినా, వందలమంది తలా కొంచెం చెప్పినప్పుడు అవన్నీ కలిసి ఒక గురువు చేసే పని చేస్తున్నాయని ఆ బృందం తేల్చింది. ఈ పనిని వాళ్ళు 'పంచుకున్న మార్గదర్శకత్వం'గా చూశారు.

సమీక్షే ఓటైన చోటు

టోల్కీన్ అభిమానులు 2004లో మిడిల్ ఎర్త్ ఫ్యాన్‌ఫిక్షన్ అవార్డులు ప్రారంభించారు. మెచ్చుకోలు చరిత్రలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు కనిపించదు. ఓటు వేయాలంటే పేరు పక్కన టిక్కు పెడితే కుదరదు, కథ ఎందుకు నచ్చిందో సమీక్ష రాయాలి. సమీక్ష పొడవును బట్టి కథకు మార్కులు పడేవి. ఒక్క వాక్యం రాసినా కొంత లెక్క, పేజీ రాస్తే ఎక్కువ. బహుమతి వచ్చినా రాకపోయినా, తన కథ మీద పోగుపడిన సమీక్షలన్నీ రచయితకు దక్కేవి. పోటీ పేరుతో ఏటా పాఠకులు కుదురుగా కూర్చుని కథల గురించి రాసేలా చేసిన ఏర్పాటు అది. పొడవుకు మార్కులివ్వడం న్యాయమేనా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. కానీ పాఠకులను రాయించడమే దాని లక్ష్యం, ఆ లక్ష్యం నెరవేరింది.

అదే టోల్కీన్ వర్గంలోని హెన్నెత్ అనూన్ భాండాగారం వేరే దారి పట్టింది. అక్కడ తోటి సభ్యులు పేరు చెప్పకుండా కథను పరిశీలించి ఎంపిక చేసేవారు. అంగీకారం పొందిన కథకు గౌరవం దక్కేది, తిరస్కారం పొందిన రచయితకు మనసు కష్టపడేది.

కథనే మార్చిన పాఠకులు

కథ ముగింపే పాఠకుల స్పందన మీద ఆధారపడిన సందర్భం ఒకటుంది. ఎలియేజర్ యుడ్కౌస్కీ 2010 నుంచి 2015 దాకా రాసిన 'హ్యారీ పాటర్ అండ్ ది మెథడ్స్ ఆఫ్ రేషనాలిటీ'కి ముప్పై వేలకు పైగా రివ్యూలు వచ్చాయి. 2015లో చివరి అధ్యాయాల దగ్గర హ్యారీని తప్పించుకోలేని ఆపదలో నిలిపి, పాఠకులు 60 గంటల్లో రివ్యూల ద్వారా సరైన ఉపాయం చెప్పాలని ఆయన కోరాడు. లేకపోతే కథ విషాదంగా, పొట్టిగా ముగుస్తుందని హెచ్చరించాడు. ఉపాయాలు వెల్లువెత్తాయి, కథ సుఖాంతమైంది. అదే ఏడాది మార్చిలో ముగింపు వెలువడిన రోజున అనేక నగరాల్లో పాఠకులు కలుసుకుని వేడుక చేసుకున్నారు.

కుడోస్ బటన్

2000 దశకంలో చాలామంది అభిమానులు బ్లాగుల సైట్ అయిన లైవ్‌జర్నల్‌కు చేరారు. అక్కడ ఒక వ్యాఖ్య కింద ఇంకో వ్యాఖ్య అల్లుకుంటూ కథ చుట్టూ కబుర్లు నడిచేవి. 2007 మేలో ఆ సంస్థ ఒక్కసారిగా వందల ఖాతాలను నిలిపివేసింది. కథలతో పాటు వాటి కింద ఏళ్ళ తరబడి పేరుకున్న మాటలు కూడా కనబడకుండా పోయాయి. అభిమానుల సొంత చోటు ఒకటి కావాలన్న ఆలోచన అప్పటికే చర్చకు వచ్చింది. ఫ్యాంటసీ నవలాకారిణి నయోమీ నోవిక్ తదితరులు కలిసి అదే ఏడాది ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫార్మేటివ్ వర్క్స్ అనే లాభాపేక్ష లేని సంస్థను స్థాపించారు. ఆ సంస్థ నడిపే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ 2009 నవంబర్‌లో అందరికీ తెరుచుకుంది. 2019లో డబ్లిన్‌లో దానికి ఫ్యాంటసీ, సైన్స్ ఫిక్షన్ రంగాల్లో ఇచ్చే హ్యూగో పురస్కారం లభించింది.

ఈ ఆర్కైవ్ 2010 చివర్లో కుడోస్ బటన్ పెట్టింది. ఏమీ రాయకుండానే మెచ్చుకోవచ్చు, ఒక కథకు ఒక పాఠకుడు ఒక్కసారే ఇవ్వవచ్చు. ఏం రాయాలో తోచక మౌనంగా వెళ్ళిపోయే లక్షలమందికి అది నోరిచ్చింది. రెండోసారి చదివినవాళ్ళు మళ్ళీ కుడోస్ ఇవ్వడం కుదరక, ఆ మాటే వ్యాఖ్యగా రాసే అలవాటు కూడా పుట్టింది. బటన్ వచ్చాక రాసే మాటలు తగ్గిపోయాయని రచయితల ఫిర్యాదు. వాట్‌ప్యాడ్ అనే కథల సైట్ ఇందుకు భిన్నంగా పేరా పేరాకూ వ్యాఖ్య రాసే వీలు కల్పించడంతో, అక్కడ పాఠకుడి నవ్వూ కోపమూ కథ పక్కనే, పుట్టిన చోటే కనిపిస్తాయి.

పాఠకులు మౌనంగా ఉండటానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. టోల్కీన్ ఫ్యాన్ ఫిక్షన్ వర్గంలో 2015లో జరిగిన సర్వేలో, ఇప్పటికన్నా ఎక్కువ వ్యాఖ్యలు రాయాలని తమకూ ఉందని చాలామంది చెప్పారు. తెలివైన మాట తోచదేమో, రచయితకు పనికిరాదేమో అన్న బెరుకు చాలామందిని ఆపుతుంది. ఈ బెరుకు పోగొట్టడానికి 'లాంగ్ లివ్ ఫీడ్‌బ్యాక్' పేరుతో ఒక ప్రయత్నం మొదలైంది. పొట్టి వ్యాఖ్యలూ పొడుగు వ్యాఖ్యలూ ప్రశ్నలూ ఒక్క బొమ్మ గుర్తూ కూడా తనకు ఇష్టమేనని రచయిత కథ చివర ముందే చెప్పే పద్ధతిని అది ప్రచారం చేసింది.

తెలుగు లోకంతో సంబంధం

బాహుబలి సినిమా మొదటి భాగం 2015 జూలైలోనూ రెండోది 2017 ఏప్రిల్‌లోనూ వచ్చాయి. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న ఆ మధ్యకాలమంతా జనం నోట నానింది, అభిమానులు దానికి తమ తమ జవాబులు కథలుగా రాశారు. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో బాహుబలికి ప్రత్యేకమైన విభాగం ఉంది. దేవసేన, శివగామి, భల్లాలదేవుల మీద రాసిన ఆ కథల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటి కింది సంభాషణ కూడా అంతే. తెలుగులోనే కథ రాసి, తెలుగులోనే మెచ్చుకోలు అందుకునే వీలు 2014లో బెంగళూరులో పుట్టిన ప్రతిలిపి అనే వేదిక కల్పించింది. అక్కడ ప్రతి భాగం కింద పాఠకులు రేటింగ్ ఇస్తారు, సమీక్ష రాస్తారు. ఒకప్పుడు వారపత్రికల సీరియళ్ళకు వచ్చే ఉత్తరాలు సంపాదకుడి బల్ల మీదికి చేరి, వాటిలో కొన్నే అచ్చయ్యేవి. ఇప్పుడు అవి నేరుగా రచయితకే చేరుతున్నాయి.

ఇటీవలి పరిస్థితి

పాత సైట్లు మూతపడేటప్పుడు వాటి కథలను కాపాడే 'ఓపెన్ డోర్స్' పథకం ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ నడిపే సంస్థకు ఉంది. హెన్నెత్ అనూన్ కథలు అలాగే దక్కాయి. అయితే తరలింపులో కథలు వస్తాయి గానీ, చాలాసార్లు వాటి కింది వ్యాఖ్యలు రావు. ఏ మాట విని ఏ అధ్యాయం మారిందో తెలిపే సాక్ష్యం అలా పోతోంది. ఇది చిన్న నష్టం కాదు.

ఈ మధ్య యంత్రాలతో రాయించిన దొంగ మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. కథ అద్భుతమని పొగిడి, దీనికి బొమ్మలు వేసిపెడతాం, డబ్బు పంపండి అని అడిగే వ్యాఖ్యలు వందల కథల కింద కనిపించాయి. కథ చదివిన జాడ వాటిలో ఉండదు, ఏ కథకైనా సరిపోయే మాటలే ఉంటాయి. వీటిని ఆపడానికి చాలామంది రచయితలు ఖాతా ఉన్నవాళ్ళే వ్యాఖ్యానించేలా తమ కథలను మార్చుకున్నారు. ఇంట్లో ఒకే ఫోన్‌లో వంతులవారీగా చదివేవాళ్ళు, ఖాతా తెరవడానికి భయపడేవాళ్ళు, పేరు చెప్పకుండా ఒక మంచిమాట అని వెళ్ళిపోయే పాఠకులు దీనివల్ల బయటే నిలబడాల్సి వస్తోంది.